ఐపీ పెట్టినోడి లెక్క: మూడేళ్ళ రెండు నెలలు

మా దిక్కు ఎవరినైనా తిట్టాలంటే "వాడు ఐపీ పెట్టిండు" అంటారు. రాత్రికి రాత్రి ఇంటికి తాళమేసి పారిపోయినవాడికీ అదే మాట, కోర్టుకెళ్ళి ఉన్నదంతా అప్పజెప్పినవాడికీ అదే మాట. నేను రెండో రకం. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ (దివాలా) పిటిషన్ అని, అదొక కాగితమని, దానికి నంబరు ఉంటుందని నాకు 49 ఏళ్ళు వచ్చాక తెలిసింది.

వరంగల్ దగ్గర గీసుగొండ దాటాక రోడ్డు పక్క ఊరు మాది. 2009 నుంచి ఎరువులు, పురుగుమందుల షాపు నడిపాను. గిరాకీ అంతా మిర్చి రైతులే. జులై నుంచి ఉద్దెర, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముడయ్యాక వసూలు. 2021 చివర్లో పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. ఏ మందు కొట్టినా ఆగలేదు. ఒక మందు పనిచేయకపోతే రైతు ఇంకోటి అడిగాడు, నేను ఇచ్చాను, ఖాతాలో రాసుకున్నాను. ఇవ్వనంటే పాత బాకీ కూడా రాదని నా భయం. మిగిలిన కాస్త పంటను 2022 జనవరి రెండో వారంలో రాళ్ళవాన తుడిచేసింది. ఏప్రిల్‌లో కూర్చుని కూడితే నాకు రావాల్సింది 112 మంది దగ్గర 38 లక్షల 40 వేలు. నేను ఇవ్వాల్సింది డిస్ట్రిబ్యూటర్లకు 16 లక్షలు, ప్రామిసరీ నోట్ల మీద తెచ్చింది 19 లక్షలు, చిట్టి కంపెనీకి 5 లక్షల 60 వేలు, దోస్తులకు 5 లక్షలు. మొత్తం 45 లక్షల 60 వేలు. ఇది కాక ఇల్లు కుదువపెట్టి బ్యాంకులో తీసుకున్న సీసీ (క్యాష్ క్రెడిట్) లోను 14 లక్షలు.

నోట్ల మీద తెచ్చినదానికి నూటికి రెండు రూపాయల మిత్తి. నెలకు 38 వేలు. ఏప్రిల్, మే నెలలు మిత్తి కట్టడానికే మళ్ళీ అప్పు చేశాను. జూన్ నుంచి అది కూడా పుట్టలేదు. పొద్దున ఆరింటికే బాకీలోళ్ళు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. మా ఆవిడ వాళ్ళకు చాయ్ పెట్టేది. తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు తిట్టేవాళ్ళు. ఆ మూడు నెలలు నేను బాయి దిక్కు ఒక్కణ్ణే పోతే మా ఆవిడ వెనకాలే వచ్చేది. ఎందుకొస్తుందో ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

ఆగస్టులో ఒకాయన నోటు మీద దావా వేసి, నా పేరు మీదున్న 200 గజాల ప్లాటును తీర్పుకు ముందే అటాచ్ (జప్తు) చేయించాడు. కోర్టు అమీన్ వచ్చి కాగితం అంటించి పోయాడు. ఆ కాగితం పట్టుకుని హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు సారును కలిశాను. 2022 ఆగస్టు 24. ఆయన నా మాట మొత్తం విని, "పారిపోయే ఆలోచన ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే ఐపీ వేద్దాం" అన్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. అప్పటిదాకా నా చెవికి అది బూతు మాట.

ఆయన చెప్పినదాంట్లో నాకు ఎక్కిన సంగతులు ఇవి. అప్పు తీర్చలేని స్థితిలో ఉండటం నేరం కాదు, ఉన్నది దాచిపెట్టడం నేరం. పేపర్లలో కంపెనీల దివాలా గురించి వచ్చేది 2016 చట్టం. కంపెనీల అప్పులకు పూచీ ఉన్నవాళ్ళను పక్కన పెడితే, మామూలు మనుషులకు సంబంధించిన భాగం అందులో ఇంకా అమల్లోకి రాలేదు. కాబట్టి నాకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. అందులో అప్పు 500 రూపాయలుంటే చాలు, పిటిషన్ వేసుకోవచ్చు. నాకు నవ్వొచ్చింది. ఆ మూడు నెలల్లో మొదటిసారి నవ్వాననుకుంటా.

ఇంటికొచ్చి చెప్తే మా మేనమామ ఒకటే మాట: "ముందు ప్లాటు మీ ఆమె పేరు మీద రాయి, అటెన్క కోర్టుకు పో." అటాచ్ అయింది కదా మామా అంటే, పాత తారీఖుతో రాయిస్తే సరిపోతుందన్నాడు. వకీలు సారును అడిగితే, దివాలాకు ముందు రెండేళ్ళలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేస్తుందని, పాత తారీఖు వేస్తే నేరుగా జైలేనని చెప్పాడు. రాయలేదు. కానీ అంతకుముందే, జులైలో, అదే మామకు 2 లక్షలు బ్యాంకు నుంచి పంపాను. ఆయన కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు, నేను ఇవ్వాల్సిన పైసలే. ఈ సంగతి వకీలుకు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచలేదు. దాని కథ తర్వాత.

పిటిషన్ తయారీకి నేను రెండు రోజులనుకున్నాను, 19 రోజులు పట్టింది. 'ఏ' షెడ్యూలు అనే జాబితాలో నేను ఎవరెవరికి ఎంత ఇవ్వాలో, వాళ్ళ తండ్రి పేరు, వయసు, వృత్తి, ఇంటి నంబరు. 23 మంది. మనం అప్పు తెచ్చుకున్నప్పుడు ఇంటి నంబరు అడగం కదా. స్టేషన్ రోడ్డులో డిస్ట్రిబ్యూటర్ల బోర్డులు చూసి నంబర్లు రాసుకున్నాను. అప్పిచ్చిన ఒకాయన ఇంటి ముందు తచ్చాడుతూ నంబరు చూస్తుంటే ఆయనే బయటికొచ్చి, పైసలు తెచ్చాననుకుని లోపలికి రమ్మన్నాడు. లోపలికి పోయి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

'బీ' షెడ్యూలులో నాకున్నవి. ప్లాటు, షాపులో సరుకు, కాంటా, బీరువాలు, పాత స్కూటీ, బ్యాంకులో 1,140 రూపాయలు. ఇల్లు రాసి, అది బ్యాంకు కుదువలో ఉందని పక్కన రాశాం. "మీకు రావాల్సిన బాకీలు కూడా ఆస్తే, అవీ రాయాలి" అన్నాడు సారు. 112 పేర్లు రాశాను. చిన్నప్పుడు నాతో బడికొచ్చినవాళ్ళు, మా నాన్న పాడె మోసినవాళ్ళు. వాళ్ళ అప్పే నా ఆస్తి అని సంతకం పెట్టాను.

ఏవి రాయనక్కర్లేదో కూడా సారు చదివి వినిపించాడు. కట్టుబట్టలు, వంట గిన్నెలు, పడక, మా ఆవిడ పుస్తెలు. పుస్తెల మాట వచ్చినప్పుడు మా ఆవిడ తల వంచుకుని కొంగుతో మెడ కప్పుకుంది. గాజులు మాత్రం అప్పటికే అమ్మేశాం, వకీలు ఫీజుకు. ఫీజు 45 వేలు, మూడు విడతల్లో. జిరాక్సులకు 6,200 అయ్యాయి. ప్రతి ప్రతివాదికీ పిటిషన్ మొత్తం సెట్టు ఇవ్వాలి, మా 112 పేర్లతో కలిపి ఒక్కో సెట్టు పుస్తకమంత అయింది. కోర్టు స్టాంపు ఖర్చే అన్నిట్లో తక్కువ.

2022 సెప్టెంబర్ 12న సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేశాం. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ ఆన్ చేశాను. ఇక ఎవరూ అడగరని నా నమ్మకం. అరగంటలో ఏడు కాల్స్. సారుకు ఫోన్ చేస్తే నింపాదిగా చెప్పాడు: "పిటిషన్ వేస్తే ఆగరు, మిమ్మల్ని ఇన్సాల్వెంట్‌గా కోర్టు ప్రకటించాకే వాళ్ళు కోర్టు అనుమతి లేకుండా దావా వేయలేరు." ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆ రాత్రి అన్నం తినేవాణ్ణి. వేసిన పిటిషన్‌ను కోర్టు అనుమతి లేకుండా మన ఇష్టానికి వెనక్కి తీసుకోలేమని కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత 9 నెలలు నోటీసులు అందించడానికే పోయాయి. ఇది రాస్తే ఎవరూ నమ్మరు. ఇద్దరివి "డోర్ లాక్" అని తిరిగొచ్చాయి. ఒకాయన కరీంనగర్‌కు మారాడు, కొత్త చిరునామా కోసం రెండు వాయిదాలు. జనవరిలో అప్పిచ్చిన ఒకాయన చనిపోయాడు. ఆయన భార్యను, ముగ్గురు పిల్లలను రికార్డులోకి తేవడానికి ఇంకో పిటిషన్, మూడు నెలలు. సంతాపానికి పోవాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, పోయాను. ఎవరూ ఏమీ అనలేదు, కూర్చోమని కూడా అనలేదు. చివరికి అందని వాళ్ళకు పేపర్ ప్రకటన వేయించాం. దానికి 7,800.

వాయిదా అంటే పొద్దున పదింటికి వరండాలో నిలబడటం, పిలుపు కోసం చెవులు రిక్కించి ఉండటం, పిలిచాక అర నిమిషంలో ఇంకో తారీఖు తీసుకోవడం. మొత్తం 41 వాయిదాలు లెక్కపెట్టాను. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక మా ఆవిడ కూడా ప్రతిసారీ వచ్చేది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, "నీకే ఖర్చు, నువ్వే ఇంటికాడ ఉండు" అనేది.

ఈ మధ్యలోనే ఇల్లు పోయింది. బ్యాంకుకు మా కోర్టుతో పని లేదు. కుదువ ఉన్నవాడి హక్కు దివాలాతో పోదు. 2023 ఫిబ్రవరిలో గోడకు నోటీసు, ఆగస్టులో వేలం. వచ్చింది వాళ్ళ బాకీకి, మిత్తికి సరిపోయింది. మేం కాశిబుగ్గలో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చాం. నేను ఒక విత్తనాల గోదాములో లెక్కలు రాసే పనికి కుదిరాను, 13 వేలు జీతం. ఇల్లు ఖాళీ చేసిన రోజు గురించి ఎక్కువ రాయలేను.

2023 అక్టోబర్ 17న నన్ను బోనులో నిలబెట్టారు. అప్పు తీర్చలేనని పైకి కనిపించేంత రుజువు చాలు, భయపడొద్దని మా సారు చెప్పాడు. అప్పిచ్చినవాళ్ళలో ఐదుగురు మాత్రం గట్టిగా కొట్లాడారు. వాళ్ళ వకీలు మొదటి ప్రశ్న: "మీ అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు కదా, ఫీజు ఎవరు కడుతున్నారు?" రీయింబర్స్‌మెంట్ అన్నాను. హాస్టల్? రాత్రిపూట వాడే డెలివరీలు చేసుకుంటున్నాడు అన్నాను. అది కోర్టు టైపిస్టు యంత్రంలో టకటకా పడుతుంటే నా గొంతు పూడుకుపోయింది. రెండో ప్రశ్న నా బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి: "2022 జులై 19న ఈ 2 లక్షలు ఎవరికి పంపారు?" మామ పేరు చెప్పాను. "మిగతా 23 మందిని వదిలి ఆయనకే ఎందుకిచ్చారు?" ఆడపిల్ల పెళ్ళి అన్నాను. ఆయన తలూపి, "మా క్లయింట్‌కు కూడా ఆడపిల్లే ఉంది" అని కూర్చున్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. ఇప్పటికీ లేదు.

బయటికొచ్చాక మా సారు నన్ను తిట్టిన తిట్లు న్యాయమైనవి. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో అప్పిచ్చినవాళ్ళలో ఒక్కరికే ప్రత్యేకంగా ఇచ్చింది చెల్లకుండా పోవచ్చట.

2024 ఫిబ్రవరి 6, మంగళవారం. జడ్జి గారు నన్ను ఇన్సాల్వెంట్‌గా ప్రకటించి, ఏడాదిలోపు డిశ్చార్జికి, అంటే అప్పుల నుంచి విముక్తికి, పిటిషన్ వేసుకోమన్నారు. ఇది మరిచిపోతే మొత్తం రద్దవుతుందని సారు నా అరచేతిలో పెన్నుతో తారీఖు రాశాడు. నా ఆస్తి ఆ రోజు నుంచి నాది కాదు, కోర్టు తరఫున ఆస్తి అమ్మి అప్పిచ్చినవాళ్ళకు పంచే అఫీషియల్ రిసీవర్‌ది. ఫోన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి అలవాటు పడటానికి నెల పట్టింది.

ఉత్తర్వు గెజిట్‌లో పడింది. నా పేరు, చిరునామా పడతాయని తెలుసు. ఫలానా వారి కుమారుడు అని మా నాన్న పేరు కూడా ఉంటుందని ఊహించలేదు. ఆయన 2004లో పోయాడు. బతికున్నన్నాళ్ళు ఎవరికీ అర్ధ రూపాయి బాకీ లేడు.

ఇన్సాల్వెంట్‌గా ఉన్నవాడు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే నేరం. వందేళ్ళ కిందటి 50 రూపాయలు, ఇవ్వాళ్టి కిలో బియ్యం. కిరాణం షాపతనికి నేను చెప్పేశాను. "గట్ల చెప్పినోళ్ళకే ఉద్దెర ఇయ్యాలె సేటూ" అని నవ్వాడు. నేను మాత్రం తీసుకోలేదు.

రిసీవర్ గారు షాపు షట్టర్ తీయించి సరుకు లెక్క పెట్టినప్పుడు అన్నిటికంటే పెద్ద దెబ్బ. పిటిషన్ వేసినప్పుడు 4 లక్షల సరుకు. కానీ పురుగుమందుల డబ్బాల మీద తారీఖులుంటాయి. ఆ ఏడాదిన్నరలో అన్నీ ఎక్స్‌పైర్ అయ్యాయి. అమ్మడానికి వీల్లేదు. కాంటా, బీరువాలు, స్కూటీ కలిపి 38 వేలు వచ్చాయి. ప్లాటు 2024 అక్టోబర్ వేలానికి ఒక్కడూ రాలేదు. 2025 జనవరిలో 11 లక్షల 60 వేలకు పోయింది. బయట పద్నాలుగు పలికేది.

2024 జులైలో రిసీవర్ నా 112 మందికీ నోటీసులు పంపారు. ఆ వారం మా కిరాయి ఇంటికి ఊరు మొత్తం వచ్చింది. "నువ్వే పంపించినవా?" అని ఒకరు, "కోర్టుల మా పేరెందుకు పెట్టినవే?" అని ఇంకొకరు. నేను రెండేళ్ళ కింద అరుగు మీద చూసినవాళ్ళు వేరు, ఇప్పుడు నా ముందు నిలబడ్డవాళ్ళు వేరు, కానీ మాటలు అటూ ఇటూ అంతే. 14 మంది కట్టారు, మొత్తం 79 వేలు. మిగతావాళ్ళ మీద కేసులు వేస్తే వచ్చేదానికన్నా ఖర్చే ఎక్కువని రిసీవర్ వదిలేశారు. తర్వాత ఆ పద్దుల మీద దావా వేసే మూడేళ్ళ గడువు కూడా పోయింది.

మామ 2 లక్షలు తిరిగి కట్టాల్సి వచ్చింది. కట్టాడు. తర్వాత ఆయన పేరు కూడా అప్పిచ్చినవాళ్ళ జాబితాలో చేరింది, మొత్తం 47 లక్షల 60 వేలయింది. ఖర్చులు 92 వేలు పోగా పంచడానికి మిగిలింది 13 లక్షల 85 వేలు. రూపాయికి 29 పైసలు. 2025 జూన్‌లో పంచారు. అంటే మామ 2 లక్షలు ఇచ్చి 58 వేలు తీసుకున్నాడు. ఆయన గడప నేను ఇంతవరకు తొక్కలేదు, ఆయన పిలవలేదు.

డిశ్చార్జికి గడువు తీరకముందే, 2025 జనవరి 20న పిటిషన్ వేశాం. ఇక్కడ ఇంకో పాత లెక్క. ఆస్తి బాకీలో రూపాయికి ఎనిమిది అణాలకు, అంటే సగానికి, తక్కువైతే షరతుల్లేని విముక్తి ఇవ్వకూడదు, నా తప్పు లేకుండా అలా అయిందని కోర్టు నమ్మితే తప్ప. నావి అయిదు అణాలు కూడా కావు. పురుగు, రాళ్ళవాన నా తప్పు కాదని రుజువెట్లా? పంట నష్టం రాసుకున్న కాగితాలు కావాలన్నాడు సారు. అవి రైతుల దగ్గర ఉంటాయి. నోటీసులు అందుకున్న ఆ రైతుల దగ్గరే. అడగడానికి పోతే కుక్కల్ని వదులుతారనుకుని, సాయంత్రం చీకటిపడ్డాక ఊళ్ళోకి పోయాను. 31 మంది జిరాక్సులిచ్చారు. ఒకతను రాళ్ళవాన తెల్లారి తన చేనులో తీసుకున్న ఫోటో ఫోన్‌లో ఇంకా ఉంచుకున్నాడు, అది కూడా పంపించాడు. "మా కాడ పైసల్లేవు గని కాగితాలున్నయి" అన్నాడు.

2025 నవంబర్ 18న డిశ్చార్జి ఇచ్చారు, షరతుతో. నా జీతంలోంచి నెలకు 2,500 చొప్పున 24 నెలలు రిసీవర్‌కు కట్టాలి. మొదటి కిస్తీ డిసెంబర్‌లో కట్టాను.

అయిపోయిందా అంటే, లేదు. డిస్ట్రిబ్యూటర్ ఒకాయన దగ్గర నేను సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులుండేవి. ఆ చెక్ బౌన్స్ కేసు వేరే కోర్టులో నడుస్తూనే ఉంది, ఐపీతో ఆగలేదు. వచ్చే నెల మళ్ళీ వాయిదా. ఇంకోటి చిట్టి. దానికి మా బావమరిది జమానతు పెట్టాడు. సర్కారు కొలువు ఆయనది. డిశ్చార్జి వచ్చింది నాకు, జమానతుదారుకు కాదు. చిట్టి కంపెనీకి నా వాటా కింద 29 పైసలు పోయాక మిగిలింది ఆయన జీతంలోంచి నెలకు 9 వేలు కోస్తున్నారు. మొదటి రోజు వకీలు సారు ఈ సంగతి చెప్పాడు, నేనే బావమరిదికి చెప్పలేదు. సంక్రాంతికి మా ఆవిడ పుట్టింటికి ఒక్కతే పోయి వచ్చింది. "అన్న ఏమన్నా అన్నడా?" అని అడిగాను. ఏమీ అనలేదంది.

పోయిన వారం మా ఊరి తాత ఒకాయన కాశిబుగ్గ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ధోవతి మడతలోంచి 4 వేలు తీసి నా చేతిలో పెట్టబోయాడు. తన పద్దు 6,400 అని, మిగతాది మిర్చి కోసినంక అని. పద్దుకు గడువు పోయింది తాతా, ఎవరూ అడగరు అన్నాను. "గడువు నీకు పోయిందేమో" అన్నాడు. నేను తీసుకోలేనని, పుస్తకం రిసీవర్ దగ్గర ఉందని చెప్తే ఆయనకు అర్థం కాలేదు. ఇద్దరం బస్సెక్కి అదాలత్ పోయాం. రిసీవర్ గుమస్తా మూటలోంచి నా ఖాతా పుస్తకం తీశాడు. నా రాతే. ఆ పేజీలో చూస్తే తాత బాకీ 5,900. తాతకు చూపించాం. ఆయన కళ్ళద్దాలు లేక చూడలేకపోయాడు కానీ, 6,400 అనే పట్టుబట్టాడు. గుమస్తా 4 వేలకు రసీదు రాసి, బాకీ ఎంత రాయాలని నన్ను అడిగాడు.